సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ స్లోగా ఉందా? ర్యామ్ కొనేముందు స్పీడ్ అంకె చూడండి

సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ స్లోగా ఉందని ఎవరికి చెప్పినా వచ్చే సలహా ఒకటే: ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డిస్క్) వేయించు, ర్యామ్ పెంచు. చాలాసార్లు ఆ సలహా సరైనదే. కానీ రెండూ వేయించాక కూడా క్రోమ్ తెరుచుకోవడానికి అర నిమిషం తీసుకునే మిషన్లు రిపేరుకు వస్తూనే ఉంటాయి. విండోస్‌లోనే ఉండే టాస్క్ మేనేజర్ తెరిచి రెండు నిమిషాలు చూసి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్లండి. సిస్టమ్ ఆన్ చేసిన పది నిమిషాల తర్వాతే చూడండి. మొదట్లో అప్‌డేట్లు, యాంటీవైరస్ నడుస్తుంటాయి కాబట్టి అప్పటి అంకెలు నమ్మడానికి లేదు.

డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటోంది

లోపల హార్డ్ డిస్క్ ఉంటే ఎక్కువసార్లు కారణం అదే. 2.5 అంగుళాల శాటా (డిస్క్‌ని బోర్డుకు కలిపే కనెక్షన్ రకం) ఎస్‌ఎస్‌డీ వేయండి, ఆఫీసు పనికి 256 జీబీ చాలు. పాత హెచ్61 చిప్‌సెట్ బోర్డుల్లో శాటా పోర్టులు సెకనుకు 3 గిగాబిట్ల తక్కువ వేగానివే అయినా, హార్డ్ డిస్క్ నుంచి మారితే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఎస్‌ఎస్‌డీ ఉండి కూడా 100 శాతం చూపిస్తుంటే డిస్క్ ఆరోగ్యం చూపే ఉచిత ప్రోగ్రామ్ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి సీ7 వరుస (డేటా దారిలో పాడైన లెక్క) చూడండి. వాడుతున్నకొద్దీ ఆ అంకె పెరుగుతుంటే తప్పు సాధారణంగా డిస్క్‌ది కాదు, శాటా కేబుల్‌ది. కేబుల్ మార్చండి. పాత అంకె సున్నాకి రాదు, పెరగడం ఆగితే చాలు. హార్డ్ డిస్క్‌లో 05 గానీ సీ5 గానీ (డిస్క్ మీద పాడైన, పాడవుతున్న చోట్ల లెక్క) సున్నా దాటి ఉంటే మాత్రం ముందు ఫొటోలు, డాక్యుమెంట్లు వేరేచోట కాపీ చేసుకోండి, మిగతాది తర్వాత.

మెమరీ 85 శాతం దాటుతోంది

4 జీబీ ఉంటే 8 చేయండి. ఒకే 8 జీబీ స్టిక్ కన్నా రెండు 4 జీబీలు మేలు. రెండు స్టిక్‌లు కలిసి డేటాని ఎక్కువ వేగంగా అందిస్తాయి, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో గ్రాఫిక్స్ కూడా ఇదే ర్యామ్‌ని వాడుకుంటుంది. ర్యామ్ రకం ప్రాసెసర్ తరాన్ని బట్టి మారుతుంది (పేరులో గీత తర్వాతి అంకె తరం, ఐ5-6500 అంటే ఆరో తరం). ఇంటెల్ నాలుగో తరం వరకు డీడీఆర్3. ఆరో తరం నుంచి ఎక్కువగా డీడీఆర్4. మినీ డెస్క్‌టాప్‌లకు ల్యాప్‌టాప్ ర్యామ్ పడుతుంది. కొనేముందు పాత స్టిక్ తీసి లేబుల్ ఫొటో తీసుకెళ్లండి.

ఏదీ నిండలేదు, అయినా నత్తనడకే

డిస్క్ 5 శాతం, మెమరీ సగం, ప్రాసెసర్ 30 శాతం. అన్నీ ఖాళీగానే ఉన్నట్టు కనిపిస్తాయి, మౌస్ మాత్రం అతుక్కుపోతుంటుంది. ఎక్కువమంది డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

ఆ 30 శాతాన్ని నమ్మకండి. విండోస్ 10లో టాస్క్ మేనేజర్ ఆ శాతాన్ని ప్రాసెసర్ బేస్ స్పీడ్‌తో (కంపెనీ చెప్పిన మామూలు వేగం) పోల్చి లెక్కకడుతుంది. ఐ5-6500టీ బేస్ స్పీడ్ 2.5 గిగాహెర్ట్జ్. ఏదో కారణంతో అది 0.79 దగ్గర ఇరుక్కుపోతే, తన శక్తినంతా వాడుతున్నా తెర మీద కనిపించేది 32 శాతమే. ప్రాసెసర్ ఊపిరాడక నలుగుతుంటే, చూసేవాళ్లు ఖాళీగా ఉందనుకుని ర్యామ్ కొంటారు.

అందుకే శాతం పక్కన పెట్టి స్పీడ్ అనే అంకె చూడండి. అయితే పనేమీ లేనప్పుడు 0.8 చూపించడం మామూలే, కరెంటు ఆదా కోసం ప్రాసెసరే తగ్గించుకుంటుంది. పని పెట్టి చూడాలి. ఫైళ్లను కుదించడానికి ఉచితంగా దొరికే సెవెన్-జిప్‌లో టూల్స్ మెనూ కింద బెంచ్‌మార్క్ (వేగం పరీక్ష) ఉంటుంది. దాన్ని ఐదు నిమిషాలు నడపండి. స్పీడ్ బేస్ స్పీడ్ దగ్గరో, అంతకు పైనో నిలవాలి. నిలవకపోతే మూడు కారణాలు చూడాలి.

మొదటిది పవర్ ప్లాన్. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ సేవర్ ఉంటే బ్యాలెన్స్‌డ్‌కి మార్చండి. అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 ఉందో లేదో చూడండి. ఇది ఒక్క నిమిషం పని.

రెండోది అడాప్టర్. పెద్ద టవర్లకు పవర్ సప్లై లోపలే ఉంటుంది కాబట్టి వాటికి ఈ బాధ లేదు. పుస్తకమంత సైజులో ఉండే డెల్ మైక్రో, హెచ్‌పీ మినీ, లెనోవో టైనీలకు ల్యాప్‌టాప్ లాంటి అడాప్టర్ బయట ఉంటుంది. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) కొన్నా, మీ ఊళ్లో కొన్నా, ఆఫీసుల నుంచి లాట్‌గా వచ్చే ఈ మిషన్లతో అసలు అడాప్టర్ రాకపోవడం మామూలే. షాపువాళ్లు పిన్ పట్టే కంపాటిబుల్ అడాప్టర్ ఇస్తారు. సిస్టమ్ ఆన్ అవుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

డెల్ ప్లగ్ మధ్యలో సన్నని పిన్ ఉంటుంది. కరెంటు దాని గుండా రాదు. "నేను ఇన్ని వాట్ల అడాప్టర్‌ని" అనే సమాచారం దాని ద్వారా బోర్డుకు అందుతుంది. ఆ సమాచారం అందకపోతే బోర్డు జాగ్రత్తపడి ప్రాసెసర్‌ని కనిష్ఠ వేగానికి, అంటే 0.8కి కట్టేస్తుంది. ఆన్ చేసినప్పుడు అడాప్టర్ రకం తెలియడం లేదని ఇంగ్లిష్‌లో ఒక హెచ్చరిక వస్తుంది, చాలామంది ఎఫ్1 నొక్కి దాటేస్తారు. కొన్ని మోడళ్ల బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సెట్టింగులు) హెచ్చరికలకు ఆగకుండా వెళ్లిపోయే సెట్టింగు ఉంటుంది. అది పెట్టి ఉంటే ఆ మెసేజ్ కూడా మీ కంట పడదు.

సరిచేయడం ఇలా. అడాప్టర్ లేబుల్ చదవండి: 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అంటే 65 వాట్లు. 4.62 ఆంపియర్లు అంటే 90 వాట్లు. మీ మోడల్‌కు కంపెనీ చెప్పిన వాట్లకు తగ్గకూడదు, వాట్లు ఎక్కువైతే ఇబ్బంది లేదు. అదే కంపెనీ ఒరిజినల్ అడాప్టర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చి, సిస్టమ్ పూర్తిగా ఆపి, ప్లగ్ తీసి ఒక నిమిషం ఆగి, మార్చి ఆన్ చేయండి. స్పీడ్ లేస్తే కొనాల్సింది అడాప్టరే, మరేదీ కాదు. ఒరిజినల్‌తో కూడా లేవకపోతే మధ్య పిన్ వంగిందేమో చూడండి. పిన్ బాగుంటే అనుమానించాల్సింది బోర్డు మీది జాక్‌ని, అది చిప్-లెవెల్ రిపేరు పని.

ప్రాసెసర్ వేగాన్ని మార్చే థ్రాటిల్‌స్టాప్ ప్రోగ్రామ్‌లో బీడీ ప్రోచాట్ (వేగం తగ్గించమని బోర్డు ఇచ్చే సంకేతం) టిక్ తీసేస్తే వేగం వచ్చేస్తుందని వీడియోల్లో చెబుతారు. నిజంగానే వస్తుంది. కానీ తక్కువ వాట్ల అడాప్టర్ మీద ఆ భారం పడితే అది కాలిపోయేంత వేడెక్కుతుంది, లేదా పని మధ్యలో సిస్టమ్ ఆగిపోతుంది. పరీక్షకు ఐదు నిమిషాలు సరే, అలాగే వదిలేయకండి.

మూడోది వేడి. దీన్ని గుర్తుపట్టడం తేలిక: అడాప్టర్ సమస్యలో ఆన్ చేసినప్పటి నుంచే 0.79 ఉంటుంది, వేడి మాత్రం 40, 45 డిగ్రీలే. వేడి సమస్యలో మొదట బాగానే ఉండి, బెంచ్‌మార్క్ మొదలైన కాసేపటికి 95, 100 డిగ్రీలకు చేరి స్పీడ్ పడిపోతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో వేడి, స్పీడ్ రెండూ కనిపిస్తాయి. మన ఎండాకాలంలో ఇది ఇంకా ముదురుతుంది. దుమ్ము ఊదించి, ప్రాసెసర్‌కీ దాన్ని చల్లబరిచే హీట్‌సింక్‌కీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ మార్చండి. హీట్‌సింక్ తీసేముందు సిస్టమ్ ఐదు నిమిషాలు నడిపితే గట్టిపడ్డ పేస్ట్ మెత్తబడుతుంది, హీట్‌సింక్ తేలిగ్గా వస్తుంది. తర్వాత ఆపి, ప్లగ్ తీసి పని మొదలుపెట్టండి. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో బఠాణీ గింజ కన్నా కాస్త తక్కువ పెట్టి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి.

యూట్యూబ్ ఒక్కటే ఆగి ఆగి వస్తుంటే సాధారణంగా పైవేవీ కారణం కాదు. యూట్యూబ్ ఎక్కువగా పంపే వీపీ9 రకం వీడియోని విప్పే హార్డ్‌వేర్ డీకోడర్ నాలుగో తరం చిప్‌లో లేదు. వీడియోని పాత హెచ్264 రకంలో తెప్పించే హెచ్264ఇఫై లాంటి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేస్తే సరిపోతుంది. వైరస్, చెడిపోయిన ర్యామ్, బోర్డు లోపం లాంటివి ఇవన్నీ చూశాకే అనుమానించండి. బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ తప్పి వెబ్‌సైట్లు తెరుచుకోవు గానీ సిస్టమ్ నెమ్మదించదు.

అప్‌గ్రేడ్ చేయాలా, వద్దా

స్పీడ్ సరిగా ఉందని తేలాకే ఈ ప్రశ్న. రెండో, మూడో తరం అయితే ఎస్‌ఎస్‌డీ మాత్రమే వేయండి, రేపు కొత్త సిస్టమ్‌లోకి తీసుకెళ్లొచ్చు. డీడీఆర్3 ర్యామ్ అలా పనికిరాదు. నాలుగు నుంచి ఏడో తరం వరకు ఎస్‌ఎస్‌డీ, మొత్తం 8 జీబీ ర్యామ్, అక్కడితో ఆపండి. విండోస్ 10 మామూలు సపోర్టు (భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా, కొన్ని మినహాయింపులు తప్ప, ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే. బ్యాంకు పనులు చేసే సిస్టమ్ అయితే ఇది చిన్న విషయం కాదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ మీకు సరిపోతే ఏడో తరం కూడా ఇంకొన్నేళ్లు నడుస్తుంది.

ఎనిమిదో తరం, ఆపైది అయితే 16 జీబీ వరకు ధైర్యంగా పెట్టొచ్చు. మొత్తం ఖర్చు సిస్టమ్ కొన్న ధరలో సగం దాటుతుంటే ఆ డబ్బు కలిపి పై తరానికి మారడమే లాభం. సన్నని ఆఫీసు క్యాబినెట్లకు పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఆశ పెట్టుకోవద్దు. వాటి పవర్ సప్లై, కనెక్టర్లు ఎక్కువగా కంపెనీ సొంతవి, మార్కెట్లో దొరికే మామూలు పవర్ సప్లై వాటికి పట్టదు.