మీ మండలం టోర్నమెంట్ల అవయవదానం టెంట్ ఎట్ల పెట్టాలె

సంక్రాంతి సెలవులొస్తే మన నల్గొండ దిక్కు గానీ పాలమూరు దిక్కు గానీ క్రికెట్ టోర్నమెంట్ లేని మండలం ఉండదు. రెండూర్ల మధ్య మ్యాచ్ అంటే ఎట్లుంటదో తెల్సిందే, వైడ్ కాడ లొల్లి, రనౌట్ కాడ లొల్లి, అంపైర్ మీ ఊరి అల్లుడని లొల్లి. ఆ పట్టుదల ఉండొద్దని నేననను, అది లేకపోతే చూసెటోళ్లే రారు. కానీ అవయవదానం ముచ్చట జనానికి చేర్చాలంటే ఇంతకన్నా మంచి జాగ నాకైతే కనపడలే. ఎందుకంటే హైవే 65 మీద, 44 మీద రాత్రిపూట బండ్ల మీద తిరిగేది గ్రౌండ్ల ఉన్న ఈ పోరగాండ్లే, వాళ్ల అమ్మనాయినలు గూడ ఆ రోజు అక్కడ్నే కూసుంటరు.

టెంట్ పెట్టే ముందు మీకు ఒక సంగతి గట్టిగ తెల్వాలె. మన దేశంల అవయవాలు ఇస్తనని డోనర్ కార్డు తీస్కున్నంత మాత్రాన అవయవాలు తియ్యరు. ఆ టైముకు ఇంటోళ్లు సంతకం పెడ్తెనే తీస్తరు, భార్యో భర్తో, పిల్లలో, అమ్మనాయినలో. కార్డు పర్సుల ఉంటది, ఇంట్ల ఎవరికి తెల్వదు, ఆ ఏడుపుల ఎవరో అడిగితే 'వద్దు సార్, మా పిలగాన్ని ఇంగ కోయకుండ్రి' అంటరు, వాళ్ల తప్పేం లేదు, వాళ్లకు ఎన్నడూ చెప్పలే కదా. అందుకే మీ టెంట్ పని కార్డులు లెక్కపెట్టుడు కాదు, ఇంట్ల చెప్పిచ్చుడు. ఇది పట్టుకుంటే మిగతాదంత ఈజీ.

నెల రోజుల ముందు మీ జిల్లా ఆస్పత్రిల గానీ డీఎంహెచ్ఓ ఆఫీసుల గానీ కలిసి, ఫలానా తారీఖు టోర్నమెంట్ ఉంది, మాట్లాడనీకి డాక్టర్‌నో కౌన్సిలర్‌నో పంపుతరా అని రాతపూర్వకంగ అడుగుండ్రి. రాష్ట్రంల చనిపోయినోళ్ల అవయవాల పని చూసేది జీవన్‌దాన్, హైదరాబాద్ నిమ్స్‌ల ఉంటది, వాళ్లను గూడ అడగొచ్చు. ఎవరు రాకపోయినా ఆగకుండ్రి, మీ ఊర్ల నర్సు చేసే అక్క ఒక్కామె కూసున్నా చాలు. ఫైనల్ రోజు మాత్రం పెట్టొద్దు, ఆ రోజు ఎవరి చెవులకు ఏం ఎక్కదు. సెమీఫైనల్ రోజు ఇన్నింగ్స్ బ్రేక్‌ల పెడ్తె మంచిగుంటది, భోజనాల దగ్గర జనం నిలబడి ఉంటరు గదా.

పేర్లు రాసుడు ఫోన్లనే అయితది, దేశం మొత్తంల అవయవదానం పని చూసే కేంద్రపోళ్ల సంస్థ నోటో వెబ్‌సైట్ ఉంది, ఆధార్‌తోని ఓటీపీ కొట్టి 18 ఏండ్లు నిండినోళ్లు ఎవరైనా రాసుకోవచ్చు, ఏ అవయవం ఇస్తరో టిక్ పెట్టుకోవచ్చు, అయిపోయినంక కార్డు డౌన్‌లోడ్ అయితది. ఇక్కడ అందరికి అయ్యే తిప్పలేందంటే ఆధార్‌కు లింకున్న నంబరు ఎప్పటిదో పాతది అయ్యుంటది, లేకపోతే నాయిన ఫోన్ల ఉంటది, నాయినేమో పొలం కాడ. కాబట్టి ఒక రోజు ముందే మైకుల, వాట్సాప్ గ్రూపుల 'ఆధార్ నంబరున్న ఫోన్ పట్కరాండ్రి' అని చెప్పుండ్రి. సిగ్నల్ లేని ఊరైతే కాగితం ఫారాలు ప్రింట్ తీసి పెట్టుకోండ్రి, ఫారం 7 అంటరు దాన్ని. డౌట్లకు నోటో టోల్ ఫ్రీ నంబర్ 1800 11 4770, దాన్ని ఫ్లెక్సీ మీద పెద్దగ రాయించండ్రి, లీడర్ల ఫోటోలు కొంచెం చిన్నగైనా ఏం కాదు.

టీషర్ట్ ఇస్తం, లక్కీ డ్రా పెడ్తం అనే ఐడియా ఎవరన్న తెస్తె వద్దనుండ్రి. టీషర్ట్ కోసం రాసినోడు ఇంట్ల చెప్పడు. ఏ ఊర్ల ఎక్కువ మంది రాసిన్రని పోటీ పెట్టుడు గూడ నాకిష్టం లేదు, అట్ల పెడ్తె పక్కన నిలబడి బలవంతంగ సంతకాలు పెట్టిస్తరు.

ఇగ ఏం చెప్పాలె అనేది. జనంల ఎక్కువ గందరగోళం ఉండేది ఒక్కటే కాడ, ఏ సావుకు ఏది ఇయ్యొచ్చు అని. ఇంటికాడ పోయినోళ్ల గుండె, లివర్, కిడ్నీలు పనికిరావు, కండ్లు మాత్రం ఇయ్యొచ్చు. గుండె, లివర్, ఊపిరితిత్తులు, కిడ్నీలు ఇయ్యాలంటే మనిషి ఐసీయూల వెంటిలేటర్ మీద బ్రెయిన్ డెడ్ అయ్యుండాలె. అందుకే 'లాభం లేదంట, ఇంటికి తీస్కపోదాం' అని వెంటిలేటర్ తీపిచ్చి అంబులెన్స్‌ల ఊరికి తెచ్చినంక ఇద్దామనుకున్నా ఏం చెయ్యరాదు. ఆ నిర్ణయం ఆస్పత్రిలనే, మిషన్ మీద ఉన్నప్పుడే కావాలె.

బ్రెయిన్ డెడ్ అంటే కోమా కాదు, ఇది టెంట్ల కూసున్నోళ్లు నిదానంగ చెప్పాల్సిన ముచ్చట. కోమాల ఉన్నోళ్ల మెదడు ఇంకా బతికే ఉంటది, కొంతమంది లేస్తరు. బ్రెయిన్ డెడ్ల మెదడుకు రక్తం పోవుడు పూర్తిగ బంద్ అయితది, సొంతంగ ఊపిరి తీస్కోలేరు, ఇగ లేసుడు ఉండదు. గుండె కొట్టుకుంటనే ఉంటది, ఎందుకంటే మిషన్ ఆక్సిజన్ ఇస్తుంటది, గుండెకు దాని కరెంటు దానికే ఉంటది. ఛాతి కదుల్తుంటది, చెయ్యి వెచ్చగుంటది, ఇగ ఏ తల్లైనా నా కొడుకు బతికే ఉన్నడనుకుంటది. అందుకే అవయవ మార్పిడి చట్టం 1994 ల వచ్చినప్పుడే గట్టిగ పెట్టిన్రు, 4 గురు డాక్టర్లు చూడాలె, టెస్టులు ఒకసారి చేసినంక కనీసం 6 గంటలు ఆగి మళ్ల చెయ్యాలె, రెండు సార్లు అదే వస్తెనే డిక్లేర్ చేస్తరు. అవయవాలు పెట్టే టీం డాక్టర్లు ఆ నలుగురిల ఉండొద్దు. 'పైసల కోసం సంపేస్తరు' అనే భయం మన ఊర్లల గట్టిగుంది, ఆ భయాన్ని కొట్టిపారెయ్యకుండ ఈ రూల్ చెప్పుండ్రి. అవయవాలు అమ్మినా కొన్నా 5 నుంచి 10 ఏండ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా ఉందని గూడ చెప్పుండ్రి. ఒప్పుకున్నంక అవయవాలు తీసే ఖర్చు ఇంటోళ్ల మీద వెయ్యరు. యాక్సిడెంట్ కేసైతే పోలీసుల కాగితాలు, పోస్ట్‌మార్టం ఉంటయి, అందుకే మట్టి కొంచెం ఆలస్యమైతది, అది ముందే చెప్తె మంచిది, తర్వాత కోపాలు రావు.

కండ్ల ముచ్చటకు వస్తె, సచ్చిపోయిన 6 గంటల లోపు తీస్కోవాలె. వయసుతోని పని లేదు, అద్దాలున్నా షుగరున్నా బీపీ ఉన్నా ఇయ్యొచ్చు. హెచ్ఐవీ, పచ్చకామెర్ల హెపటైటిస్ బీ, సీ, పిచ్చికుక్క రోగం, బ్లడ్ క్యాన్సర్ లాంటియి ఉంటే తీస్కోరు. ఐ బ్యాంకోళ్లు ఇంటికే వస్తరు, 20 నిమిషాల పని. వాళ్లు వచ్చేలోపు రెప్పలు మూసి, పైన తడి దూది పెట్టి, తల కింద మెత్త పెట్టి కొంచెం ఎత్తుగ ఉంచి, మీద తిరిగే ఫ్యాను బంద్ చెయ్యాలె, ఫ్యాను గాలికి కన్ను ఆరిపోతది. డాక్టర్ రాసిచ్చిన డెత్ కాగితం రెడీ పెట్టుకోవాలె. అచ్చంపేట, దేవరకొండ లోపలి ఊర్లకు రావాలంటే టైం పడ్తది, కాబట్టి సుట్టాలందరికి ఫోన్లు కొట్టకముందే మొదటి ఫోన్ ఐ బ్యాంకుకు పోవాలె. హైదరాబాద్‌ల ఎల్వీ ప్రసాద్ ఆస్పత్రి ఐ బ్యాంక్ 1989 నుంచి నడుస్తుంది, దాని నంబరు, మీకు దగ్గర్ల రెడ్ క్రాస్‌దో లయన్స్ క్లబ్‌దో నంబరు టెంట్ కాడ్నే అందరి ఫోన్లల సేవ్ చేపియ్యండ్రి.

మా దిక్కు టెంట్ల ఒక ముసలవ్వ వచ్చి కుర్చీల కూసొని శానాసేపు వింది. తర్వాత 'కండ్లు తీస్తె మొఖం గుంతలు పడ్తదేమో బిడ్డా' అన్నది. ఫారాలు రాసే తమ్ముడు 'అవ్వా, కన్ను మొత్తం పీకరు, నల్లగుడ్డు మీద అద్దం లెక్క సన్న పొర ఉంటది, అదే తీస్తరు, రెప్పలు మూస్తె ఏం తెల్వదు' అని చెప్పిండు. 'నాకు శుక్లాల ఆపరేషన్ అయింది' అంటే 'అయినా ఇయ్యొచ్చవ్వా' అన్నడు. వచ్చే జన్మల గుడ్డిగ పుడ్తరంటరు కదా అని గూడ అడిగింది. వాడు వాదిచ్చలే, 'ఇద్దరికి చూపొస్తదవ్వా, అంత పుణ్యం చేసినోళ్లకు దేవుడు అన్యాయం చేస్తడా' అన్నడు. ఆమె లేసి బౌండరీ కాడ నిలబడ్డ కొడుకును పిల్చుకొచ్చి కూసోబెట్టి, 'నేను పోయినంక ఏడ్సుకుంట కూసోకు, ముందు వీళ్లకు ఫోన్ కొట్టు' అన్నది. ఆ కొడుకు నంబరు సేవ్ చేసుకున్నడు. ఆ ఒక్క నంబరు నాకు వంద కార్డుల కన్నా ఎక్కువ అనిపిచ్చింది.

మైకుల మాట్లాడే అన్నకు గూడ కొంచెం సరుకు ఇయ్యాలె, లేకపోతే 'అవయవదానం మహాదానం' అని పదిసార్లు అని ఊకుంటడు. 2014 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌ల జర్మనీ బ్రెజిల్‌ను వాళ్ల గడ్డ మీదనే 7-1 తోని కొట్టింది, బ్రెజిలోళ్లు అది ఎన్నటికీ మర్సిపోరు. రెండేండ్లకు 2016 రియో ఒలింపిక్స్‌ల జర్మనీ పడవ పందేల కోచ్ స్టెఫాన్ హెంజె కారు యాక్సిడెంట్ల చనిపోతే, వాళ్లింటోళ్లు ఒప్పుకుంటే ఆయన గుండె, లివర్, రెండు కిడ్నీలు అక్కడ్నే బ్రెజిల్‌ల నలుగురికి పెట్టిన్రు. బ్రెజిల్‌లనే స్పోర్ట్ రెసిఫే అనే ఫుట్‌బాల్ క్లబ్ 2012 ల తన ఫ్యాన్స్‌కు క్లబ్ గుర్తుతోని డోనర్ కార్డులే ఇచ్చింది, మేం పోయినా మా గుండె మా టీం కోసమే కొట్టుకుంటదని వేల మంది తీస్కున్నరు. ఆ గుండె పక్క టీం ఫ్యాన్‌కు పడ్డా పడొచ్చు, అయినా తీస్కున్నరు చూడుండ్రి. మన దగ్గర 2025 ఫిబ్రవరి 12 న అహ్మదాబాద్‌ల ఇండియా, ఇంగ్లాండ్ వన్డేల రెండు టీమ్‌లోళ్లు అవయవదానం కోసమని ఒక్కతీరు పచ్చ బ్యాండ్లు చేతికి కట్టుకొని ఆడిన్రు. మీరు గూడ అట్ల పచ్చ రిబ్బన్ రెండూర్ల టీమ్‌లకు కట్టుండ్రి, పది రూపాయల పని. టాస్ అయినంక ఇద్దరు కెప్టెన్లు ఒకే బెంచి మీద కూసొని ఫస్టు వాళ్లే పేర్లు రాసుకుంటే, పొద్దుగాల్నుంచి ఒకర్నొకరు తిట్టుకున్న బ్యాచులు గూడ లైన్ల నిలబడ్తయి.

నల్గొండోళ్లకైతే ఇంకోటి చెప్పాలె. 2021 ఫిబ్రవరిల హైదరాబాద్ మెట్రో మొదటిసారి ఒక గుండె కోసం నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా ఎక్కడ ఆపకుండ స్పెషల్ రైలు నడిపింది. అది మన నల్గొండ దిక్కు రైతు గుండె. గుండె బయటికి తీసినంక 4 నుంచి 6 గంటల లోపు ఇంకొకరికి పెట్టాలె, అందుకే అంత ఉరుకులాట. ఆ రైతు ఇంటోళ్లు ఆ దుఃఖంల గూడ సరే అన్నరు, నాకు ఇప్పటికీ వాళ్లకు దండం పెట్టాలనిపిస్తది. మైకుల ఇది చెప్పినప్పుడు గ్రౌండ్ సప్పుడు లేకుండ వింటది, ఇది మనోళ్ల ముచ్చట కదా.

కొందరు దేహదానం చేస్త, మొత్తం శరీరం మెడికల్ కాలేజీకి ఇస్త అంటరు, అది వేరే, దానికి కాలేజీల విడిగ రాసియ్యాలె. కండ్లు ఇచ్చినంక శరీరం తీస్కుంటరు గానీ, గుండె, కిడ్నీలు తీసినంక మామూలుగ తీస్కోరు, ఈ తేడా రాసుకునేటప్పుడే చెప్పుండ్రి. మనసు మారితే పేరు తీసేస్కోవచ్చని గూడ చెప్పుండ్రి, దాంతోని సగం భయం పోతది.

రాసుకున్న ప్రతి ఒక్కలతోని పోయే ముందు ఒక పని చేపియ్యండ్రి. కార్డు ఫోటో ఇంటి వాట్సాప్ గ్రూపుల అక్కడ్నే పెట్టించండ్రి, కింద 'నాకేమన్న అయితే ఇయ్యిండ్రి' అని ఒక్క ముక్క వాయిస్ మెసేజ్ పంపిచ్చండ్రి. రాత్రి ఇంటికి పోయినంక అమ్మ తిడ్తది, తిట్టనియ్యిండ్రి, ఆ తిట్లలనే ముచ్చట మొదలైతది.