పాత ఫ్లాట్ అమ్మే ముందు డబ్బు దేనిమీద పెట్టాలి

హైదరాబాద్‌లో పదిహేను, ఇరవై ఏళ్ల నాటి ఫ్లాట్ అమ్మాలనుకుంటే ముందు చెమ్మ సంగతి చూడండి. కొనేవాళ్లు లోపలికి రాగానే సీలింగ్ మూలలు, బాత్రూం వెనక గోడ చూస్తారు, అక్కడ పెయింట్ పొక్కులు కనిపించాయంటే ఇక మీరెంత చెప్పినా ధర తగ్గించమనే అడుగుతారు. పైన రంగు వేసి కప్పెయ్యకండి, వానలు పడితే మళ్లీ బయటపడుతుంది, పైగా అది కొనేవాళ్లను మోసం చేయడమే. బాత్రూం టైల్స్ తీయించి వాటర్‌ప్రూఫింగ్ చేయించండి, కొత్త టైల్స్ వేసే ముందు ఒకటి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్ చూసి రండి. మేస్త్రీ తొందరపెట్టినా ఇది వదలొద్దు.

వంటగదిలో చెదలు తిన్న చెక్క మార్చి, సింక్ కింద లీకు ఆపితే చాలు. లక్షలు పోసి కొత్త మాడ్యులర్ కిచెన్ పెట్టకండి, మీకు నచ్చింది వాళ్లకీ నచ్చాలని లేదు కదా. ఫాల్స్ సీలింగ్ కూడా అంతే.

బాల్కనీ మూసేసి గదిలో కలపాలనే ఆలోచన ఉంటే మానుకోండి. కొనేవాళ్లు లోన్‌కి వెళ్తే బ్యాంకు పంపే ఇంజినీరు ఇంటిని మంజూరైన ప్లాన్‌తో పోల్చి చూస్తాడు, తేడా ఉంటే బేరం అక్కడే ఆగిపోవచ్చు.

వైరింగ్, ఎర్తింగ్ చెక్ చేయించాక, లేత రంగు పెయింట్ చివర్లో వేయించండి.