కార్టింగ్ క్వాలిఫయింగ్: కొత్త టైరు ఇచ్చే ఆ రెండు మూడు ల్యాపులు చేజారకుండా

కార్ట్ అనే ఈ చిన్న రేసు బండికి సస్పెన్షన్ లేదు, మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. అందుకే టైరులో గాలి అర పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మారినా ల్యాప్ టైములో తెలిసిపోతుంది. చాలామంది ఇంజను మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా గాలి మీద పెట్టరు. కొత్త టైరు పూర్తి పట్టు చూపేది కొన్ని ల్యాపులే. ఆ ల్యాపులు ఖాళీ ట్రాక్ మీద పడేలా చూసుకోవడమే, రేసులో బయలుదేరే స్థానం తేల్చే క్వాలిఫయింగ్‌లో అసలు పని.

ముందు లెక్క. చల్లగా ఉన్నప్పుడు మనం కొట్టే గాలితో కార్ట్ పరిగెత్తదు, వేడెక్కాక పెరిగిన గాలితో పరిగెత్తుతుంది. 30 డిగ్రీల దగ్గర 10 పీఎస్ఐ పెడితే, టైరులోని గాలి 70 డిగ్రీలకు చేరేసరికి అది 13 దాటుతుంది. 12 పెడితే 15.5 దాకా వెళ్తుంది. వేడిలో ఏ అంకె దగ్గర పట్టు బాగుందో అదే మీ లక్ష్యం, చల్లటి అంకె దాన్ని చేరుకునే దారి మాత్రమే. పైన చెప్పిన 10, 12 లెక్క చూపడానికే. కాంపౌండును (టైరు రబ్బరు మిశ్రమాన్ని) బట్టి మొదటి అంకె మారుతుంది కనుక మీ సిరీస్ టైర్ల సరఫరాదారును అడిగి తీసుకోండి.

ఎండ సంగతి ఇక్కడే చెప్పాలి. ఉదయం 27 డిగ్రీల్లో 10 పెట్టి వదిలేస్తే, మధ్యాహ్నం 38 డిగ్రీలకు టైరు కదలకుండానే దాదాపు 1 పీఎస్ఐ పెరుగుతుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలోనో వేసవిలో ఇది మామూలే. కార్ట్‌ను స్టాండు మీద పెట్టినప్పుడు ఒక పక్కకే ఎండ తగిలితే ఆ పక్క టైర్లలో గాలి ఎక్కువ చూపిస్తుంది. మీరు దాన్ని దింపేస్తారు, ట్రాక్ మీదికి వెళ్లాక ఆ పక్క తక్కువైపోతుంది. నాలుగు టైర్లూ నీడలోనే ఉంచి, డమ్మీ గ్రిడ్‌కు (ట్రాక్ మీదికి వెళ్లే ముందు కార్ట్‌లు వరుసలో నిలిచే చోటుకు) బయలుదేరే ముందు ఆఖరి కొలత తీయండి. గేజ్ ఒక్కటే వాడండి. పక్క టీమ్ గేజ్‌తో కొలిచిన అంకెను మీ పుస్తకంలో రాయొద్దు, రెండు గేజ్‌లు ఒకే మాట చెప్పడం అరుదు.

కొత్త సెట్టు ఎక్కించేటప్పుడు టైరు మీది బాణం తిరిగే దిక్కుకు ఉందో లేదో చూడండి. అంచులకు సబ్బు నీళ్లు రాసి గాలి కొట్టండి. అంచు రిమ్ములో కూర్చోకపోతే గాలి పెంచుతూ పోకూడదు, తయారీదారు చెప్పిన గరిష్ఠం దాటితే టైరు పగిలి చేతులకు దెబ్బ తగులుతుంది. గాలి దింపి, మళ్లీ సబ్బు రాసి ప్రయత్నించాలి. కంప్రెసర్ ట్యాంకులో నీరు ముందే తీసేయండి. టైరులోకి తేమ చేరితే వేడికి గాలి పెరిగే తీరు సెట్టుకో రకంగా ఉంటుంది, పాత లెక్కలు పనికిరావు. రాత్రి గాలి నింపి ఉంచి, తెల్లారి తగ్గిందేమో చూడండి. తగ్గితే వాల్వు మీద, అంచు చుట్టూ సబ్బు నీళ్లు పోస్తే బుడగ ఎక్కడో తెలుస్తుంది.

అంకె తేల్చుకోవాల్సింది ప్రాక్టీసులోనే. క్వాలిఫయింగ్ అయ్యాక కార్ట్ పార్క్ ఫెర్మేలోకి (అధికారుల అదుపులో ఉండే ఆవరణలోకి) పోతుంది, అక్కడ చెయ్యి పెట్టనివ్వరు. కొద్దిగా వాడిన సెట్టుతో ఎనిమిది ల్యాపులు తిప్పి, లోపలికి రాగానే, నిమిషం లోపే, నాలుగు టైర్లూ కొలవండి. తర్వాత టైమర్‌లో ఒక్కో ల్యాపూ చూడండి. ఏడో ల్యాపులో కూడా టైము ఇంకా మెరుగవుతూనే ఉంటే గాలి తక్కువైంది, 1 పీఎస్ఐ పెంచండి. రెండో ల్యాపే అన్నిటికన్నా వేగంగా ఉండి తర్వాత దిగజారుతూ వస్తే ఎక్కువైంది, అర పీఎస్ఐ చొప్పున తగ్గించండి. ఎక్కువైనప్పుడు కార్ట్ మలుపులో ఎగిరెగిరి పడుతుంది, వెనక జారుతుంది, రబ్బరు మధ్యభాగం ముందు అరుగుతుంది. తక్కువైతే స్టీరింగ్ తిప్పిన కాసేపటికి గానీ ముందు భాగం స్పందించదు, టైరు భుజాలు (రబ్బరు రెండు పక్కల అంచులు) అరుగుతాయి. మరీ తగ్గిస్తే కెర్బ్ (ట్రాక్ అంచున ఎత్తుగా ఉండే గట్టు) తగిలినప్పుడు టైరు రిమ్ము వదిలే ప్రమాదం ఉంది.

కుడి మలుపులు ఎక్కువున్న ట్రాకులో బరువు ఎడమ టైర్ల మీద పడి అవే ముందు వేడెక్కుతాయి. వాటిలో అర పీఎస్ఐ తక్కువతో మొదలుపెట్టి, లోపలికి వచ్చేసరికి రెండు పక్కలా వేడి అంకె ఒక్కటయ్యేలా సర్దండి. ఎడమ మలుపులు ఎక్కువుంటే దీనికి తిరగేసి.

ఇక సెషన్. ఏడు నిమిషాల సెషన్, 50 సెకన్ల ల్యాపు అనుకుంటే ఎనిమిది ల్యాపులు దొరుకుతాయి. మొదటి ల్యాపులో చల్లటి టైరును అడ్డంగా జారనివ్వకండి. పై పొర నలిగి రబ్బరు గరుకుగా గీతలు తేలుతుంది, అలా పోయిన పట్టు ఆ సెషన్‌లో మళ్లీ రాదు. రెండో ల్యాపులో బ్రేకు గట్టిగా వాడుతూ వేడి పెంచండి. మూడో ల్యాపు చివర్లో ముందున్న కార్ట్‌కు కనీసం మూడు సెకన్ల దూరం వదిలి, నాలుగు, ఐదు ల్యాపులు పూర్తి వేగంతో కొట్టండి. ఆరోది నెమ్మదిగా, జారకుండా తిప్పి టైరును చల్లారనిచ్చి, ఏడు, ఎనిమిదిలో మళ్లీ ప్రయత్నం. పొడవైన స్ట్రెయిట్ ఉన్న ట్రాకులో ముందు కార్ట్ గాలిని చీల్చుకుంటూ పోవడం వల్ల దాని వెనక ఏర్పడే గాలి తెర సాయం చేస్తుంది. కానీ దాని వెంటే మలుపులోకి దూరితే వాళ్ల తప్పు మీ టైములో పడుతుంది. ఇద్దరు స్నేహితులు ముందే మాట్లాడుకుని స్ట్రెయిట్ మీద మాత్రం ఒకరికొకరు తోడ్పడితే ఇద్దరికీ లాభం.

లైను తొలి వరుసల్లో బయలుదేరాలని అందరూ తోసుకుంటారు. మీ టైరు నాలుగో ల్యాపులో పండేదైతే ఆ తొందర అక్కర్లేదు, మీ చుట్టూ ఖాళీ ఎప్పుడు దొరుకుతుందో అది చూసుకోండి.

అవే టైర్లతో హీటు (క్వాలిఫయింగ్ తర్వాత జరిగే చిన్న రేసు) కూడా ఆడాలంటే గాలి మార్చాలి. క్వాలిఫయింగ్ అంకె ఒకటి రెండు ల్యాపుల కోసం పెట్టింది. 12, 15 ల్యాపుల హీటుకు అదే ఉంచితే సగం దూరంలోనే టైరు వేడెక్కి జారిపోతుంది. 1 నుంచి 1.5 పీఎస్ఐ తగ్గించండి, మొదటి రెండు ల్యాపుల్లో స్థానం కాపాడుకుంటే చివర్లో మీదే పైచేయి. వానకు లెక్క వేరు. నీళ్లు టైరును చల్లార్చేస్తాయి కాబట్టి వాన టైర్లలో గాలి బాగా ఎక్కువ పెట్టాలి, ట్రాక్ ఆరుతున్న కొద్దీ తగ్గించాలి.

టైర్లకు రసాయనాలు పూయడం, బయట వేడి చేయడం కార్టింగ్ నిబంధనల ప్రకారం నిషిద్ధం, దొరికితే ఫలితం రద్దు. ప్రతి సెషన్ తర్వాత బయటి గాలి ఉష్ణోగ్రత, ట్రాక్ ఉష్ణోగ్రత, నాలుగు చల్లటి అంకెలు, నాలుగు వేడి అంకెలు, ఏ ల్యాపు వేగంగా వచ్చిందో రాసి పెట్టండి. రబ్బరు మీద తేదీ, ఎన్ని ల్యాపులు తిరిగిందీ చాక్‌పీసుతో వేసి, ఆ సెట్టును నీడలో, నల్లటి ప్లాస్టిక్ సంచిలో భద్రపరచండి.