న్యూజిలాండ్ చెత్త లెవీ: మారుమూల చిన్న కౌన్సిళ్లు ఊరట కోసం దరఖాస్తు చేసే విధానం

న్యూజిలాండ్‌లో ఇళ్ల చెత్త చేరే డంపింగ్ యార్డును నడిపేవారు ప్రతి టన్నుకూ ప్రభుత్వానికి లెవీ, అంటే చెత్త మీద వేసే సుంకం, కట్టాలి. 2008 నాటి వ్యర్థాల తగ్గింపు చట్టం కింద 2009 జులైలో ఇది టన్నుకు 10 డాలర్లతో మొదలైంది. పన్నెండేళ్లు కదలని రేటు 2021 నుంచి పరుగందుకుంది. 2024 జులైలో 60, 2025 జులైలో 65 డాలర్లయింది. 2027 జులైకి 75 కావాలని నిబంధనల్లోనే ఉంది. జీఎస్టీ అదనం.

వసూలైన సొమ్ములో సగం కౌన్సిళ్లకే, అంటే స్థానిక పాలక సంస్థలకే, తిరిగి వస్తుంది, అయితే జనాభా లెక్కన. దేశ జనాభాలో మూడో వంతు ఉన్న ఆక్లాండ్‌కు ఆ మేరకు ముడుతుంది. ప్రధాన భూభాగానికి 800 కిలోమీటర్ల తూర్పున, 600 పైచిలుకు జనంతో ఉన్న ఛాటమ్ దీవులకు దక్కేది నామమాత్రం. జనం తక్కువని యార్డులో యంత్రం అద్దె తగ్గదు, దాన్ని నడిపే మనిషి జీతమూ తగ్గదు. ఇరవై శాతం అందరికీ సమానంగా పంచి, మిగతాది జనాభాను బట్టి ఇవ్వాలన్న ప్రతిపాదనపై 2025లో ప్రభుత్వం అభిప్రాయాలు కోరింది. చిన్న కౌన్సిళ్ల గోడు కొంతైనా వినబడిందన్నమాట.

దరఖాస్తు ఎవరు చేయాలి?

లెవీ కట్టవలసింది యార్డు నిర్వాహకుడు. యార్డు కౌన్సిల్‌దే అయితే దరఖాస్తుదారు కౌన్సిలే. చెత్తను బయటి యార్డుకు పంపే చోట ఆ వీలు లేదు. దేశపు దక్షిణ కొసన ఉన్న స్టీవర్ట్ దీవి చెత్త ఓడలో బ్లఫ్ రేవుకు చేరి, అక్కడి నుంచి రోడ్డున వెళ్తుంది. అలాంటప్పుడు లెవీ యార్డు వసూలు చేసే రుసుములోనే కలిసి వస్తుంది, కౌన్సిల్ నేరుగా రిటర్ను (వచ్చిన చెత్త లెక్క) వేయదు. బిల్లులో లెవీని విడిగా చూపమని యార్డువారిని అడగండి, లేకపోతే మీ మీద పడే భారమెంతో మీకే తెలియదు.

రిటర్నులు

నిర్వాహకులు పర్యావరణ మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ లెవీ వ్యవస్థలో నెలనెలా రిటర్ను వేయాలి. ఏడాదికి 1,000 టన్నులు మించని యార్డులు ఏడాదికొకటే వేసేందుకు అనుమతి కోరవచ్చు. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులే అన్ని పనులూ చూసుకునే కార్యాలయానికి ఇదే మొదటి దరఖాస్తు కావాలి. దీనితో కట్టవలసిన సొమ్ము తగ్గదు, పని మాత్రం బాగా తగ్గుతుంది.

వేబ్రిడ్జి (వాహనాలను తూచే కాటా) లేని చోట వాహనం రకాన్ని బట్టి సగటు బరువు లెక్కగడతారు. ఆ పద్ధతిని మంత్రిత్వ శాఖతో ముందే ఖరారు చేసుకోండి. యార్డుకు వచ్చాక వేరుచేసి బయటికి పంపిన ఇనుము వంటి వాటి బరువును మొత్తంలోంచి తీసేయవచ్చు, ఆ బరువు చీటీలు దాచి ఉంచాలి. నా దృష్టిలో చిన్న యార్డులు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

లెవీ మాఫీ

చట్టంలోని 29వ సెక్షన్ ప్రకారం అసాధారణ పరిస్థితులు ఉన్నాయని నమ్మకం కుదిరితే మంత్రిత్వ శాఖ కార్యదర్శి లెవీని మాఫీ చేయవచ్చు. మారుమూల ఉండటం, ఆదాయం లేకపోవడం మీకు ఏటా ఉన్నవే కాబట్టి వాటినే కారణంగా చూపితే దరఖాస్తు నిలవడం కష్టం. 2019 మార్చిలో వెస్ట్‌లాండ్ జిల్లాలో కుండపోతకు ఫాక్స్ నది పొంగి, మూతబడిన పాత డంపును కోసేసింది. చెత్త సముద్ర తీరం వెంట కిలోమీటర్ల కొద్దీ చెల్లాచెదురైంది. అలా ఏరిన చెత్తను మళ్లీ యార్డుకు చేర్చాలంటే టన్నుకింతని లెవీ పడుతుంది. ఈ సెక్షన్ అక్కరకు వచ్చేది అలాంటప్పుడే.

దరఖాస్తులో ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, చెత్త ఎన్ని టన్నులు ఉండవచ్చు, ఏ యార్డుకు వెళ్తుంది, వేరుచేయగలిగినదేమిటి అన్నవి రాయండి. ఫొటోలు, అంచనా వేసిన తీరు జతచేయండి. విపత్తు చెత్తను మామూలు చెత్తతో కలపకుండా విడిగా తూచడం తప్పనిసరి అనుకోండి, కలిసిపోయాక ఏది ఎంతో నిరూపించడం ఎవరి తరమూ కాదు.

ఇక తిరిగి వచ్చే వాటా సంగతి. దానికి దరఖాస్తు అక్కర్లేదు, మూడు నెలలకోసారి వస్తుంది. అయితే కౌన్సిల్‌కు వ్యర్థాల నిర్వహణ ప్రణాళిక ఉండాలి, ఆరేళ్లు దాటకుండా దాన్ని సమీక్షించాలి. గడువు తప్పితే చెల్లింపు ఆగుతుంది.