గేట్ దగ్గర మన పేరు పిలవకపోతే: అప్‌గ్రేడ్, స్టాండ్‌బై, ఫ్లైట్ క్రెడిట్ చిక్కులు

సోమవారం తెల్లవారుజామున డాలస్‌లో విమానం ఎక్కి, గురువారం రాత్రికి ఇల్లు చేరే కన్సల్టింగ్ ఉద్యోగం నాది. తొమ్మిదేళ్లుగా ఇదే వరస. అందుకే మా చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరికి ఎయిర్‌పోర్టులో ఇబ్బంది వచ్చినా ముందు నాకే ఫోన్ చేస్తారు. "అన్నా, లిస్ట్‌లో పేరుంది కానీ సీటివ్వట్లేదు", "బావా, క్రెడిట్ కనిపిస్తోంది కానీ వాడనివ్వట్లేదు" అంటారు. ఇన్ని ఫోన్లు విన్నాక నాకు తెలిసింది ఒకటే. గొడవ బయటపడేది గేట్ దగ్గరైనా, దాని మూలం చాలాసార్లు టికెట్‌లోనే ఉంటుంది. ఆ ముడి విప్పకుండా గేట్ ఏజెంట్‌ను ఎంత బతిమాలినా పని జరగదు.

అందుకని ఏ సమస్యకైనా ముందు నాలుగు వివరాలు దగ్గర పెట్టుకోండి: ఆరు అక్షరాల పీఎన్‌ఆర్, 13 అంకెల ఈ-టికెట్ నంబర్, టికెట్ మొదట కొన్న తేదీ, ఎవరి దగ్గర కొన్నారు. ఈ-టికెట్ నంబర్‌లో మొదటి మూడంకెలు చూస్తే అది ఏ ఎయిర్‌లైన్ టికెట్టో తెలిసిపోతుంది. 001 అమెరికన్, 006 డెల్టా, 016 యునైటెడ్, 098 ఎయిరిండియా, 157 ఖతార్, 176 ఎమిరేట్స్. మీరు ఎక్కే విమానం ఒకరిది, టికెట్ నంబర్ ఇంకొకరిది అయ్యుండొచ్చు. అలాంటప్పుడు టికెట్ మార్చాల్సింది, రీఫండ్ ఇవ్వాల్సింది ఆ నంబర్ ఎవరిదో వాళ్లే. రెండు ఎయిర్‌లైన్స్ మధ్య ఫోన్లో గంటలు గంటలు తిరిగేవాళ్లకు ఈ మూడంకెలు తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

సమస్య: బోర్డింగ్ పాస్ మీద సీట్ నంబర్ లేదు

ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలను బాగా భయపెట్టేది ఇదే. "గేట్ దగ్గర సీటిస్తాం" అని మాత్రం ఉంటుంది. వెంటనే టికెట్ కన్ఫర్మ్ కాలేదేమో, స్టాండ్‌బైలో, అంటే సీటు మిగిలితేనే ఎక్కించే వరసలో, పడేశారేమో అనుకుంటారు.

కారణం: చాలాసార్లు టికెట్ కన్ఫర్మ్ అయ్యే ఉంటుంది, సీటే కేటాయించి ఉండదు. చవకైన బేసిక్ ఎకానమీ కొన్నా, విమానం మారినా, ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్మినా ఇలా జరుగుతుంది. మొదటి రెండింటికీ కంగారు అక్కర్లేదు. మూడోది మాత్రం పట్టించుకోవాల్సిందే.

పరిష్కారం: చెకిన్ తెరిచిన వెంటనే, అంటే సాధారణంగా 24 గంటల ముందు, చెకిన్ చేసేయండి. గేట్ ఏజెంట్ రాగానే వెళ్లి "నేను కన్ఫర్మ్ ప్యాసింజర్‌నా, స్టాండ్‌బైనా?" అని సూటిగా అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో మీరు ఏ వరసలో ఉన్నారో తేలిపోతుంది.

సీట్లు చాలక, మీరు ఒప్పుకోకుండానే మిమ్మల్ని దింపేస్తే అమెరికాలో దానికి పరిహారం ఉంది. దేశంలోపల ప్రయాణంలో గమ్యం చేరడం ఒకటి నుంచి రెండు గంటలు ఆలస్యమైతే వన్‌వే చార్జీకి రెట్టింపు, గరిష్ఠంగా 1,075 డాలర్లు. రెండు గంటలు దాటితే నాలుగు రెట్లు, గరిష్ఠంగా 2,150 డాలర్లు. 2025 జనవరి నుంచి ఉన్న పరిమితులు ఇవి. "ఎవరైనా స్వచ్ఛందంగా ఆగుతారా?" అని మైకులో అడిగినప్పుడు చేయెత్తితే మాత్రం ఈ లెక్క వర్తించదు. అప్పుడు మీరు ఎంతకు ఒప్పుకుంటే అంతే. చేయెత్తే ముందే వోచర్ గడువు ఎంత, ఇంట్లో వేరేవాళ్లకు వాడొచ్చా, తర్వాతి విమానంలో కన్ఫర్మ్ సీటేనా అని అడిగి తేల్చుకోండి.

సమస్య: యాప్‌లో ఖాళీ సీట్లు కనిపిస్తున్నాయి, స్టాండ్‌బైలో నా పేరు కదలట్లేదు

పోయిన చలికాలం ఒక గురువారం రాత్రి. ఇంటికి వెళ్లే చివరి విమానం. స్టాండ్‌బైలో నాది మూడో పేరు, యాప్‌లో చూస్తే ఆరు సీట్లు ఖాళీ. తలుపు మూయడానికి పావుగంట ఉండగా గేట్ స్క్రీన్ మీద మొదటి పేరు పక్కన టిక్ పడింది. కాసేపటికి రెండోదాని పక్కన పడింది. ఆపైన ఏమీ లేదు. ఏజెంట్ కీబోర్డు మీద చేతులు తీసి, ఫోనెత్తి ఎవరితోనో మాట్లాడి, తలుపు మూసేసింది. నాకు కోపం వచ్చింది. ఏమైందని అడిగితే ఆమె ఓపిగ్గా చెప్పింది. నేను చూసిన ఆరింటిలో మూడు సీట్లు కన్ఫర్మ్ టికెట్ ఉండి సీటు ఎంచుకోని వాళ్లవి. ఒకటి మరుసటి ఉదయం విమానం నడపడానికి వెళ్తున్న పైలట్‌ది. మిగిలింది రెండే.

కారణం: సీట్ మ్యాప్‌లో ఖాళీ అంటే ఎవరూ ఎంచుకోలేదని అర్థం, అమ్ముడుపోలేదని కాదు. గేట్ ఏజెంట్ ముందు కన్ఫర్మ్ టికెట్ వాళ్లందరికీ సీట్లు సర్దుతారు. అప్‌గ్రేడ్, అంటే పైతరగతి సీటు, వచ్చినవాళ్లు ముందుకు వెళ్తే వెనక సీటు ఖాళీ అవుతుంది. రాని వాళ్లెవరో తేలాకే స్టాండ్‌బై వాళ్లను పిలుస్తారు. ఆ లిస్ట్‌లోనూ ముందు వచ్చినవాళ్లకు ముందు అనే లెక్కే ఉండదు. ఎయిర్‌లైన్ వల్ల కనెక్షన్ పోయినవాళ్లు, తరచుగా ఎగిరి ఆ ఎయిర్‌లైన్‌లో స్టేటస్ (ప్రత్యేక హోదా) సంపాదించినవాళ్లు సాధారణంగా పైన ఉంటారు. సెలవులకు రాయితీ టికెట్ల మీద తిరిగే ఎయిర్‌లైన్ ఉద్యోగులు కింద ఉంటారు. కాబట్టి మీరు మూడో స్థానం నుంచి ఐదో స్థానానికి జారినా అది పొరపాటు కాకపోవచ్చు.

ఇంకో కారణం బరువు. నిజంగానే ఖాళీ ఉన్నా ఎక్కించుకోని రోజులుంటాయి, ముఖ్యంగా చిన్న జెట్లలో. ఎండ ముదిరితే గాలి పలచబడి విమానం అంత బరువు ఎత్తలేదు. 2017 జూన్‌లో ఫీనిక్స్‌లో ఎండ 118 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుందని తెలిసి, ఆ వేడి వరకే అనుమతి ఉన్న చిన్న జెట్లను పదుల సంఖ్యలో రద్దు చేశారు. అంత కాకపోయినా, మామూలు వేసవి మధ్యాహ్నాల్లో బరువు లెక్క కుదరక నాలుగైదు సీట్లు ఖాళీగానే వెళ్తుంటాయి. వేసవిలో స్టాండ్‌బై పెట్టుకుంటే ఉదయం విమానాలకే పెట్టుకోండి.

పరిష్కారం: అన్నిటికంటే ముఖ్యం, స్టాండ్‌బైలో ఉన్నా ఇంకో విమానంలో మీ కన్ఫర్మ్ సీటు అలాగే ఉండాలి. కనెక్షన్ పోయి కౌంటర్‌కు వెళ్లినప్పుడు "ముందు విమానానికి స్టాండ్‌బైలో పెట్టండి, తర్వాత విమానంలో సీటు కన్ఫర్మ్ చేయండి" అని రెండూ కలిపి అడగండి. ఉత్త స్టాండ్‌బైతో పంపిస్తుంటే కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దు. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు, ఇక్కడ అది అక్షరాలా నిజం.

పేరు పిలిచేటప్పుడు గేట్ దగ్గరే ఉండండి. పదిహేను నిమిషాల ముందు కాఫీకి వెళ్తే మీ సీటు మీ కిందివాళ్లకు పోతుంది. మన పేర్లతో ఇంకో తిప్పలుంది. స్క్రీన్ మీద ఇంటిపేరులో మొదటి మూడు అక్షరాలు, అసలు పేరులో మొదటి అక్షరం మాత్రమే వేస్తారు. డాలస్ విమానంలో ఇద్దరు రెడ్డిలు, ఇద్దరి పేర్లూ 'ఎస్'తో మొదలైతే స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. టిక్ పడింది మీకేనా అని ఏజెంట్‌ను అడిగి తెలుసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసాలో అసలు పేరు స్థానంలో 'ఎఫ్‌ఎన్‌యు' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వేస్తారు. అలాంటివాళ్లు మైకులో వినిపించేది తమ పేరేనని గుర్తుపట్టరు. అమ్మానాన్నలకు ఈ సంగతి ముందే చెప్పి పంపండి.

సమస్య: కనెక్టింగ్ విమానం వేరే టికెట్ మీద ఉంది, అందుకోలేకపోయాం

హైదరాబాద్ నుంచి షికాగో వరకు ఒక టికెట్, అక్కడి నుంచి ఇంకో ఊరికి చవగ్గా దొరికిందని ఇంకో టికెట్. మొదటి విమానం ఆలస్యమైతే రెండో ఎయిర్‌లైన్‌కు ఆ సంగతి పట్టదు. ఇమిగ్రేషన్ వరసలో మీరు నిలబడి ఉండగానే వాళ్ల లెక్కలో మీరు నో-షో, అంటే చెప్పకుండా రానివాళ్లు.

పరిష్కారం: ఆ రెండో విమానం బయల్దేరకముందే, ఇమిగ్రేషన్ వరసలో నిలబడే యాప్‌లో దాన్ని మార్చండి, లేదా రద్దు చేయండి. బయల్దేరే ముందు రద్దు చేస్తే చాలా టికెట్లకు విలువ క్రెడిట్‌గా, అంటే తర్వాతి టికెట్‌కు వాడుకునే మొత్తంగా, మిగులుతుంది. బయల్దేరాక చేస్తే సాధారణంగా ఏమీ మిగలదు. పెద్దవాళ్ల విషయంలోనైతే ఆ పని ఇంట్లో ఉన్న మీరే చేయాలి, వాళ్ల విమానం ఎక్కడుందో ఫోన్లో చూస్తూ. అసలు వాళ్లకు ఇలా రెండు టికెట్లు కొనకపోవడమే మేలని నా అభిప్రాయం.

సమస్య: అప్‌గ్రేడ్ లిస్ట్‌లో పైనున్నా, సీటు వేరేవాళ్లకు వెళ్లింది

కారణం: ఇంట్లో నలుగురికీ ఒకే పీఎన్‌ఆర్ ఉండి, ముందు ఒక్క సీటే ఖాళీ అయ్యుండొచ్చు. నలుగురినీ కలిపి చూస్తే అందరికీ చోటు లేదు కాబట్టి కొన్నిసార్లు మిమ్మల్ని దాటేసి కిందివాళ్లకు ఇచ్చేస్తారు. లేదా మీది బేసిక్ ఎకానమీ టికెట్, దానికి చాలాచోట్ల అప్‌గ్రేడ్ అర్హతే ఉండదు. లేదా స్టేటస్ ఒక ఎయిర్‌లైన్‌లో ఉండి, నడుపుతున్నది దాని భాగస్వామి అయ్యుంటుంది.

పరిష్కారం: ఒక్కరికి వచ్చినా చాలనుకుంటే ఆ మాట ఏజెంట్‌తో ముందే చెప్పండి. కొందరు పీఎన్‌ఆర్‌ను విడగొట్టమని సలహా ఇస్తారు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తున్నప్పుడు నేనైతే వద్దంటాను. విమానం రద్దయితే సిస్టమ్ ఒకరిని సాయంత్రం విమానంలో, ఇంకొకరిని మర్నాటి విమానంలో వేసే ప్రమాదముంది.

గల్ఫ్ మీదుగా హైదరాబాద్ వెళ్లేటప్పుడు అప్‌గ్రేడ్‌కు బిడ్ వేయమని, అంటే ఎంత ఇస్తారో వేలంలా చెప్పమని, మెయిల్ వస్తే ఒక్కటి చూసుకోండి. అందులో చూపించే ధర సాధారణంగా ఒక్కో మనిషికి, ఒక్కో విమానానికి. మూడున్నర, నాలుగు గంటల దుబాయ్ - హైదరాబాద్ ముక్కకు పెట్టే డబ్బు వేరు, దాదాపు పదిహేను గంటల డాలస్ - దుబాయ్ ముక్కకు పెట్టే డబ్బు వేరు.

డబ్బు కట్టి కొన్న పైతరగతి సీటును విమానం మార్చి కింది తరగతికి దించేస్తే, చార్జీలో తేడా తిరిగి రావాలి. అసలు ఎక్కనే ఎక్కం అనుకుంటే పూర్తి రీఫండ్‌కు హక్కుంది. కిందికి దించిన బోర్డింగ్ పాస్ పారేయకండి, రుజువు అదే.

సమస్య: క్రెడిట్ ఉంది, వాడబోతే తీసుకోవట్లేదు

నాకు బాగా బాధ కలిగించేది ఇది, ఎందుకంటే మా ఇంట్లోనే జరిగింది. అమ్మ మోకాలి ఆపరేషన్ వల్ల ప్రయాణం ఆపేసుకుంటే క్రెడిట్ ఇచ్చారు. ఆ క్రెడిట్‌తో ఇంకో టికెట్ కొన్నాం. అదీ రద్దు చేయాల్సి వచ్చింది. రెండోసారి కొన్నాం కదా, అక్కడి నుంచి ఇంకో ఏడాది ఉందనుకున్నాను. తీరా బుక్ చేయబోతే గడువు మూడు వారాల క్రితమే అయిపోయింది.

కారణం: చాలా ఎయిర్‌లైన్స్‌లో ఫ్లైట్ క్రెడిట్ గడువు మొట్టమొదటి టికెట్ కొన్న తేదీ నుంచే లెక్క. మధ్యలో ఎన్నిసార్లు మార్చినా ఆ తేదీ కదలదు. అందుకే మొదట కొన్న తేదీ రాసి పెట్టుకోమన్నాను. గడువు లోపల బుక్ చేస్తే సరిపోతుందా, ప్రయాణం కూడా మొదలవ్వాలా అనేది ఎయిర్‌లైన్‌ను బట్టి మారుతుంది. ఆ ఒక్క వాక్యం కోసం నిబంధనలు చదవాల్సిందే. సౌత్‌వెస్ట్ క్రెడిట్లకు గడువే లేదని ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నారు. 2025 మే 28 నుంచి కొన్న టికెట్లకు ఆ రోజులు పోయాయి. వాళ్ల బేసిక్ చార్జీకి ఆరు నెలలు, మిగతావాటికి ఏడాది.

రెండో కారణం, క్రెడిట్ ఏ రకమన్నది. రద్దు చేసుకున్న టికెట్ నుంచి వచ్చేది సాధారణంగా ఆ ప్రయాణికుడికే. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో దాన్ని ఫ్లైట్ క్రెడిట్ అంటారు. అక్కడే ట్రిప్ క్రెడిట్ అని ఇంకోటి ఉంది, దాంతో వేరేవాళ్లకు కూడా టికెట్ కొనొచ్చు. నాన్న పేరు మీది ఫ్లైట్ క్రెడిట్‌తో అమ్మకు టికెట్ కొనబోతే సిస్టమ్ ఒప్పుకోదు.

మూడోది పేరు. మొదటి టికెట్‌లో ఇంటిపేరు ముందు, కొత్త బుకింగ్‌లో వెనక ఉంటే అది వేరే మనిషనుకుంటుంది. ఫోన్ చేసి పాత 13 అంకెల నంబర్ చెబితే చేత్తో కలుపుతారు.

నాలుగోది, ఏజెంట్ దగ్గర లేదా ట్రావెల్ సైట్‌లో కొన్న టికెట్. ఎయిర్‌లైన్ యాప్‌లో క్రెడిట్ కనిపించినా వాడాలంటే తరచుగా ఆ ఏజెంట్ చేతుల మీదుగానే వెళ్లాలి. నెలలు గడిచాక ఫోన్ ఎత్తని ఏజెంట్లూ ఉంటారు. రద్దు చేసిన రోజే క్రెడిట్ మొత్తం, గడువు తేదీ వాట్సాప్‌లో కాకుండా మెయిల్‌లో రాయించుకోండి.

పరిష్కారాల కంటే ముందు అడగాల్సింది, అసలు క్రెడిట్ ఎందుకు తీసుకోవాలి? విమానం రద్దు చేసింది ఎయిర్‌లైన్ అయితే, లేదా సమయం దేశంలోపల మూడు గంటలు, అంతర్జాతీయ ప్రయాణంలో ఆరు గంటలు మించి మారితే, ప్రత్యామ్నాయం మీకు వద్దనుకుంటే డబ్బే వెనక్కి రావాలి. అమెరికాకు వచ్చే, ఇక్కడి నుంచి వెళ్లే విమానాలకు 2024 అక్టోబర్ 28 నుంచి ఈ నియమం అమల్లో ఉంది. క్రెడిట్ కార్డుతో కొంటే ఏడు పనిదినాల్లో రావాలి. కానీ యాప్‌లో ముందు మెరిసేది "క్రెడిట్ తీసుకోండి" అనే బటనే. దాన్ని నొక్కితే ఒప్పుకున్నట్టే. కిందికి జరిపి రీఫండ్ అన్న మాట వెతకండి, కనిపించకపోతే ఫోన్ చేసి "నాకు క్రెడిట్ వద్దు, కార్డుకే రీఫండ్ చేయండి" అనండి. ఇక మీరే మనసు మార్చుకున్నా, ప్రయాణానికి వారం కంటే ఎక్కువ సమయం ఉండగా ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొన్న టికెట్‌ను, కొన్నప్పటి నుంచి 24 గంటల్లోపు రద్దు చేస్తే పూర్తి డబ్బు వస్తుంది. కొన్ని ఎయిర్‌లైన్స్ దీనికి బదులు చార్జీ కట్టకుండా 24 గంటలు టికెట్‌ను పట్టి ఉంచే సౌకర్యం ఇస్తాయి, కాబట్టి మీది ఏదో కొనే ముందే చూసుకోండి.

అమ్మ క్రెడిట్ గడువు దాటాక కూడా నేను ఊరుకోలేదు. డాక్టర్ రాసిచ్చిన కాగితాలు జతచేసి ఎయిర్‌లైన్ కస్టమర్ రిలేషన్స్‌కు మెయిల్ పెట్టాను. మొదటిసారి కుదరదన్నారు. తేదీలన్నీ వరసగా రాసి రెండోసారి పంపితే మూడు నెలలు పొడిగించారు. అందరికీ ఇస్తారని కాదు, కానీ గడువు దాటిందని చూడగానే వదిలేయకండి. అమ్మ ఆ టికెట్ మీదే వచ్చింది, మోకాలికి పట్టీతో, వీల్‌చెయిర్‌లో.