ట్రాక్టర్ కొనేముందు పంపు లెక్క అడగండి

బెంగళూరు మారతహళ్ళిలో ఉద్యోగం, హోసకోటె దగ్గర నాలుగెకరాల తోట ఉన్న మనలాంటి వాళ్ళకి ఒక మాట. చిన్న ట్రాక్టర్ చూడ్డానికి వెళ్తే షోరూమ్‌లో హెచ్‌పీ, ఎన్ని కిలోలు లేపుతుందో చెప్తారు. బరువులు లేపడానికి ఆయిల్ తోసే హైడ్రాలిక్ పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు తోస్తుందో మనమే అడగాలి. బరువు లేపేది ప్రెషర్, ఎంత వేగంగా లేపుతుందన్నది ఫ్లో, అంటే ఆ లీటర్లు.

ట్రాక్టర్ ముందువైపు లోడర్ (మట్టి, పేడ ఎత్తే బకెట్) పెట్టించుకునే ఆలోచన ఉంటే ఇది మరీ ముఖ్యం. బకెట్‌ని లేపే సిలిండర్‌కి 5 సెంటీమీటర్ల బోరు (లోపలి వ్యాసం), 50 సెంటీమీటర్ల స్ట్రోకు (రాడ్ కదిలే దూరం) ఉంటే దాదాపు లీటరు ఆయిల్ కావాలి. రెండు సిలిండర్లకి 2 లీటర్లు. పంపు నిమిషానికి 12 లీటర్లదైతే బకెట్ లేవడానికి 10 సెకన్లు, 24 లీటర్లదైతే 5. పేడ ఎత్తేటప్పుడు రోజుకి వందసార్లు ఆ తేడా తెలుస్తుంది, విసుగొస్తుంది కూడా!

ఆ లీటర్లు ఇంజిన్ పూర్తి ఆర్‌పీఎమ్‌లో (నిమిషానికి తిరిగే చుట్లు) ఉన్నప్పటి లెక్క. సగానికి తగ్గిస్తే ఫ్లో కూడా దాదాపు సగమే. పవర్ స్టీరింగ్‌కి వేరే పంపు ఉందా, ఇదే పంచుకుంటుందా అన్నదీ కనుక్కోండి. కల్టివేటర్, రోటవేటర్ వరకే అయితే ఇంత టెన్షన్ అక్కర్లేదు.