తుఫానుకి చేను పోతే ఇన్‌పుట్ సబ్సిడీ పడాలంటే ఏం చెయ్యాలి (ఏపీ రైతులకి)

చేను మునగగానే అందరూ ఇన్‌పుట్ సబ్సిడీ (పోయిన పంట పెట్టుబడికి ప్రభుత్వం ఇచ్చే సాయం) డబ్బులు ఎప్పుడు పడతాయి అనే అడుగుతారు, కానీ ముందు చూసుకోవాల్సింది ఈ-క్రాప్‌లో (ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం ఆన్‌లైన్‌లో రాసుకునే నమోదులో) ఆ పంట ఎవరి పేరు మీద ఎక్కిందని. పాస్‌బుక్ ఎవరిదైనా సరే, నష్టం రాసేటప్పుడు చూసేది ఈ-క్రాపే. అందుకే నాట్లు అయిన వెంటనే రైతు సేవా కేంద్రానికి వెళ్లి (అదే పాత రైతు భరోసా కేంద్రం, ఆర్బీకే) సర్వే నంబరు, పంట, విస్తీర్ణం కరెక్ట్‌గా ఉన్నాయా చూసుకుని వేలిముద్ర వేసి రసీదు తీసుకోండి.

కౌలు రైతులైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకి ఇచ్చే సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కు) కార్డు 11 నెలలకే, దానివల్ల భూమి హక్కుకి ఏమీ కాదని ఓనర్‌కి నచ్చజెప్పి సంతకం పెట్టించుకోండి, లేదంటే పెట్టుబడి పెట్టింది మీరు, సాయం పడేది ఆయన ఖాతాలో. ఇది చాలా ఊళ్లలో జరుగుతున్న అన్యాయం.

ఇక వాన తగ్గాక చేలో నీళ్లు ఉండగానే ఫొటోలు తీయండి, గట్టు, బోరు, పక్క చేను లాంటి గుర్తు ఏదైనా పడేలా. నష్టం 33 శాతం, ఆపైన ఉంటేనే లిస్టులోకి ఎక్కుతుంది. ఇక్కడే వరి రైతు దెబ్బతినేది: పొట్ట దశలో రోజుల తరబడి నీళ్లలో ఉన్న చేను, నీళ్లు దిగాక పచ్చగానే కనబడుతుంది, గట్టు మీద నించుని చూసినవాళ్లు బాగానే ఉందిగా అనుకుని వెళ్లిపోతారు, తర్వాత కంకి బయటికొస్తే సగం తాలే. కాబట్టి ఎన్యూమరేషన్‌కి (పంట నష్టం లెక్క రాసుకోడానికి) వ్యవసాయ సహాయకులు, వీఆర్వో వచ్చిన రోజు మీరు చేలోనే ఉండాలి, లోపలికి తీసుకెళ్లి పొట్ట చీల్చి చూపించండి. కోసిన పనలు తడిసి మొలకలొస్తే అవి కూడా అక్కడే ఉంచి చూపించండి.

ఎంత వస్తుందంటే, 2022-26 కేంద్రం నిబంధనల్లో నీటి వసతి ఉన్న పంటకి హెక్టారుకి 17,000, వర్షాధారానికి 8,500, తోటలకి 22,500, అదీ 2 హెక్టార్ల వరకే. రాష్ట్రం పైన కలపొచ్చు, 2024 సెప్టెంబర్ వరదలప్పుడు ఏపీలో వరికి హెక్టారుకి 25,000 ఇచ్చారు, అంటే ఎకరాకి సుమారు పదివేలు.

తర్వాత రైతు సేవా కేంద్రంలో లిస్టు అంటిస్తారు, దయచేసి వెళ్లి చూడండి. పేరు లేకపోయినా, ఎకరంన్నర కాస్తా అర ఎకరం అయినా, అభ్యంతరం చెప్పుకునే టైం ఆ కొద్ది రోజులే. నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసి ఈ-క్రాప్ రసీదు జెరాక్స్, ఫొటోలు పెట్టి ఇవ్వండి, తీసుకున్నట్టు సంతకం అడగండి.

లిస్టులో పేరుండీ డబ్బులు పడకపోతే బ్యాంకులో ఆధార్‌కి ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ ఖాతాలో పడాలో చెప్పే లింకు) ఏ ఖాతాకి ఉందో అడగండి, ఎప్పుడో తెరిచి వదిలేసిన పాత ఖాతాలో పడుండొచ్చు.

పంటల బీమా దీంతో సంబంధం లేని వేరే సంగతి. ఫసల్ బీమా (కేంద్రం పంటల బీమా పథకం) కట్టి ఉంటే, కోసి ఆరబెట్టిన పంట తడిసిన 72 గంటల్లోపు 14447కి ఫోన్ చేసి చెప్పాలి, ఎన్యూమరేషన్‌ వాళ్లు వచ్చేదాకా ఆగొద్దు.